ఫైలు తిరిగి వచ్చినది, ఎవరి పేరున?



జనగామ బస్సు స్టాండు ముంగిట నిలుచుండి వచ్చిపోవు బండ్లను పది నిమిషములు గమనించినవారికి ఒక విశేషము తప్పక కంటబడును. ఉమ్మడి రాష్ట్రపు నాటి పాత ట్రాక్టరుమీద ఏపీ 36 అను సంఖ్య యుండును. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప కొన్న మోటారు సైకిలుమీద టీఎస్ 03 అని యుండును. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమి నాడు, పాత వరంగల్లు జిల్లానుండి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరుపడిన తరువాత వచ్చిన బండ్లకు వరుసగా 27, 26, 25 అను అంకెలు లభించినవి. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినది. ఇన్ని మార్పులు జరిగినను ఆ ట్రాక్టరు ఆ రైతుదే. ఏలయన, రేకుమీది అంకె స్వామిత్వమును తనంత తాను చెప్పజాలదు. ఆ అంకె కెదురుగా రవాణా కార్యాలయపు పుస్తకమున వ్రాసియున్న పేరే చెప్పును. ఆ పుస్తకము పోయిననాడు అంకె మిగులును గాని యజమాని మిగులడు.

యూనిక్స్ వంశమునకు చెందిన కంప్యూటరులలో పాత బ్యాకప్పులను తిరిగి దింపునపుడు ఫైళ్ల యాజమాన్యము ఏమగునో చెప్పుటకే ఈ బండ్ల ముచ్చటను ముందుగా ఎత్తుకొంటిని. లినక్స్ కూడ ఈ వంశములోనిదే. కళాశాల ప్రయోగశాలలలోను, చిన్న సంస్థల లెక్కల గదులలోను, ముద్రణాలయములలోను మూలనున్న సర్వరులను చూచుకొను యువతీయువకులు మన మూడు జిల్లాలలోను ఉన్నారు. బ్యాకప్ తీయుట వారందరికిని తెలియును. దానిని దింపవలసిన దినము ఏ నాలుగేండ్ల కొకమారో వచ్చును. ఆ దినమున కార్యాలయమంతయు వెనుక నిలిచి తొందరపెట్టుచుండును. పొరపాటు జరుగునది అప్పుడే.

మొదట మూలమును చూతము. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్‌కు శ్రీకారము చుట్టిరి. 1971 నవంబరులో వెలువడిన ప్రథమ కరదీపికలోనే, ఫైలు యజమానిని మార్చుటకు చోన్ అను ఆజ్ఞ చోటుచేసికొన్నది. అనగా ఈ వస్తువు ఎవరిది అను ప్రశ్న ఆ వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన ప్రశ్న. ప్రతి ఫైలునకును ఐనోడ్ అను ఒక చిన్న చిట్టా యుండును. అందు ఫైలు పరిమాణము, తేదీలు, అనుమతులు, వాటితో పాటు యజమాని సంఖ్యయు, సమూహపు సంఖ్యయు వ్రాయబడును. యజమాని పేరు మాత్రము అందు ఉండదు. పేరు వేరొకచోట, ఈటీసీ అను డైరెక్టరీలో పీఏఎస్ఎస్‌డబ్ల్యూడీ అను నామముతో నున్న పట్టికలో ఉండును; సమూహముల పేర్లు దాని ప్రక్కనే గ్రూప్ అను పట్టికలో ఉండును. మనము ఎల్‌ఎస్ మైనస్ ఎల్ అని కొట్టినపుడు తెరమీద కనబడు పేరు ఫైలులో వ్రాసియున్నది కాదు, ఆ క్షణమున ఆ పట్టికను చూచి యంత్రము మనకు చదివి వినిపించినది. పట్టికలో ఆ వరుసను తీసివేసినచో అదే ఫైలు ప్రక్కన పేరునకు బదులు ఒంటరిగా ఒక అంకె నిలుచును. పట్టికలో ఆ అంకెను మరియొకని పేరున వ్రాసినచో, ఫైలును ముట్టకయే ఫైలు వానిదగును.

ఇక బ్యాకప్ సంగతి. టేపులమీద భద్రపరచుటకై 1979 నాటి ఏడవ యూనిక్స్ కూర్పులో టార్ అను సాధనము వచ్చినది. ఆనాటి టార్ సంచి కేవలము అంకెలనే మోసెడిది. 1988లో పోసిక్స్ ప్రమాణము ఆ సంచి పైచీటీలో యజమాని పేరునకును, సమూహపు పేరునకును చోటు కల్పించినది. కావున నేడు మనము కట్టు టార్ సంచిలో ప్రతి ఫైలునకును రెండు గుర్తులు, పేరును అంకెయు, కలసి ప్రయాణము చేయును. పాత యంత్రములో ఆ రెండును ఒకే మనిషిని చూపినవి. కొత్త యంత్రములో పేరు ఒకరిని, అంకె మరియొకరిని చూపినచో దేనిని నమ్మవలెను? ఈనాటి మన ప్రశ్న యంతయు ఇదియే.

సాధారణ వినియోగదారుడు టార్ సంచిని విప్పినచో ఈ ప్రశ్నయే పుట్టదు. విప్పినవాని పేరుననే ఫైళ్లన్నియు వచ్చును, సంచిమీది యాజమాన్యము ఉపేక్షింపబడును. ఇతరుల పేరున ఫైలు వ్రాయు అధికారము వానికి లేదు గనుక అది న్యాయమే. సున్న అంకెగల సర్వాధికారి, అనగా రూట్, విప్పినపుడు మాత్రము సంచిమీది యాజమాన్యము నిలుపబడును. అప్పుడు గ్నూ టార్ ముందుగా పేరును చూచును. ఆ పేరుగలవాడు ఈ యంత్రములో ఉన్నచో, వాని అంకె ఏదైనను సరే, ఫైలును వానికి ఒప్పగించును. లేనిచో సంచిమీది అంకెనే యథాతథముగా వేయును. న్యూమరిక్ ఓనర్ అను ఆప్షన్ ఇచ్చినచో పేరును చూడనే చూడదు, అంకెయే ప్రమాణము. ఆర్‌సింక్ అను నకలు సాధనమునకును ఇట్టి నడతయే కలదు. న్యూమరిక్ ఐడీస్ అన్నప్పుడే అది అంకెను పట్టుకొనును.

అయితే ఏది యెప్పుడు? యంత్రమంతయు చెడిపోయి, రెస్క్యూ డిస్కుతో లేపి, పాత వ్యవస్థను దాని పాస్‌వర్డ్ పట్టికతో సహా సంపూర్ణముగా దింపుచున్నప్పుడు అంకెనే నమ్మవలెను. అప్పుడు నడచుచున్నది రెస్క్యూ డిస్కులోని తాత్కాలిక వ్యవస్థ. దాని పట్టికలోని పేర్లు మన యింటి పేర్లు కావు. పేరు చూచి దింపినచో అది తన అంకెలను మన ఫైళ్లపై వేయును. రేపు మన వ్యవస్థ తన పట్టికతో లేచునప్పటికి సేవల ఫైళ్లన్నియు పరుల చేతులలో ఉండును. దీనికి భిన్నముగా, పాత యంత్రములోని కొన్ని డైరెక్టరీలను మాత్రమే, వేరుగా పట్టిక గల కొత్త యంత్రములోనికి తెచ్చుకొనుచున్నప్పుడు పేరే మేలు. కాని అక్కడ గూడ ఆ పేరు ఆ మనిషిదేనా యని ఒకమారు విచారింపవలెను. సురేశ్ అను లాగిన్ పాత యంత్రములో ఒకరిది, కొత్త యంత్రములో మరియొకరిది కావచ్చును. మన పల్లెలలో ఒకే పేరు గలవారు వీధికి నలుగురుందురు.

నా యనుభవములో జరిగినదొకటి మనవి చేసెదను. చాల ఏండ్ల క్రిందట, మా ప్రాంతములోని ఒక చిన్న సంస్థ తన సర్వరును మార్చినది. పాతదానిలో వాడుకరుల సంఖ్యలు 1001 లెక్కల గుమాస్తాది, 1002 గ్రంథపాలకునిది, 1003 నైపుణ్యము నేర్చుకొనుటకు వచ్చిన ఒక విద్యార్థిది. కొత్తదానిలో ఖాతాలను తెరచునపుడు ఎవరు ముందు వచ్చి కూర్చుండిరో వారికి ముందు అంకె దక్కినది. విద్యార్థి ఉత్సాహముతో అందరికంటె ముందు వచ్చెను గాన 1001 వానిదైనది. పిదప నేను పాత డిస్కును కొత్త యంత్రమునకు తగిలించి, యాజమాన్యము చెదరకుండ నకలు చేయుటకు సీపీ మైనస్ ఏ అను ఆజ్ఞ ఇచ్చితిని. ఆజ్ఞ తాను చేయవలసిన పని అణుమాత్రము తప్పక చేసినది; చెదరకుండ వచ్చినవి అంకెలు. మరునాటి ఉదయము సంస్థలోని యావన్మంది జీతముల పట్టిక, కోతలు, అప్పుల వివరములతో సహా, ఆ విద్యార్థి సొత్తై కూర్చున్నది. ఆ పిల్లవాడు యోగ్యుడు గనుక తానే వచ్చి, అయ్యా, ఇవి నావి కావు, నా క్రింద కనబడుచున్నవి అని చెప్పెను. వాని యోగ్యత మమ్ము కాపాడినది, నా జాగ్రత్త గాదు. ఆనాటి నుండి ఈ విషయము నాకు కేవలము ఆజ్ఞల విషయముగా తోచుట లేదు.

ఆ పొరపాటును దిద్దబోయి నేను రెండవ పొరపాటు అంచువరకు పోయితిని. దీనిని కొంచెము నిదానముగా వినవలెనని కోరెదను. 1001 అంకెగల ఫైళ్లన్నిటిని లెక్కల గుమాస్తా కొత్త సంఖ్యయైన 1003కు మార్చవలెను. 1003 అంకెగల పాత ఫైళ్లను విద్యార్థి కొత్త సంఖ్యయైన 1001కు మార్చవలెను. ఫైండ్ ఆజ్ఞతో 1001వి వెదకి చోన్‌తో 1003 చేసితిమనుకొందము. ఆ క్షణమున 1003 క్రింద ఇద్దరి ఫైళ్లును కలసిపోవును. ఇక రెండవ ఆజ్ఞ ఇచ్చితిమా, ఇద్దరివియు తిరిగి 1001కు, అనగా విద్యార్థికే చేరును. ఏది యెవరిదో చెప్పగల ఆధారము ఆ డిస్కుమీద మిగులదు. రెండు చెరువుల నీటిని మార్చవలెనన్నచో మూడవ చెరువు కావలెను. ఎవరికిని చెందని ఒక సంఖ్యను, 50001 వంటి దానిని, మధ్యస్థముగా పెట్టుకొని, 1001ని ముందు అచ్చటికి పంపి, 1003ను 1001 చేసి, పిదప 50001ని 1003 చేయవలెను. లేదా మొదటనే, ఒక్క ఫైలును కదల్పక మునుపే, ప్రతి ఫైలు పేరును దాని పాత అంకెయు గల జాబితాను వ్రాయించి, ఆ జాబితా ననుసరించి మార్పవలెను. ఆర్‌సింక్‌లో 2013 నుండి యూజర్‌మ్యాప్ అను ఆప్షన్ ఉన్నది. ఏ అంకె ఏ అంకెగా మారవలెనో అందు వ్రాసి యిచ్చినచో నకలు చేయుచునే ఒక్కొక్క ఫైలునకు ఒక్కమారే మార్చును గనుక ఈ కలగాపులగము ఏర్పడదు. ఆనాడు నాకు దాని సంగతి తెలియదు. జాబితా వ్రాయించుకొని బయటపడితిని.

అంకెలు తిరిగి వాడబడుట మరియొక చిక్కు. భూపాలపల్లి బొగ్గు గనులవారికి దీనిని వివరింపనక్కరలేదు. భూగర్భములోనికి దిగు ప్రతివానికిని దీపమునకు ఒక సంఖ్య యుండును. ఏ దీపము ఎవరి చేతికి పోయినదో ల్యాంపు రూము పుస్తకము చెప్పును. ఆ పుస్తకము సరిగా లేనిచో, పైకి తిరిగి రాని దీపము ఎవరిదో తెలియదు. యూనిక్స్‌లో ఒక ఉద్యోగి వెడలిపోగానే వాని ఖాతాను తొలగించితిమనుకొందము. యూజర్‌యాడ్ అను సాధనము సాధారణముగా ఉన్న సంఖ్యలలో పెద్దదానికి ఒకటి కలిపి కొత్తవానికి ఇచ్చును. వెడలిపోయినవాడు చివరి సంఖ్యవాడైనచో ఆ సంఖ్యయే కొత్తగా వచ్చినవానికి దక్కును. మూడేండ్లనాటి బ్యాకప్పును అంకెలతో దింపిననాడు, ఎన్నడును ముఖము చూడని మనిషి ఉత్తరములు ఆ కొత్తవాని స్వాధీనమగును. అందుచేత వెడలిపోయినవారి ఖాతాను తొలగింపక, తాళము వేసి, అంకెను వారి పేరుననే ఉంచుట ఉత్తమమని నా దృఢాభిప్రాయము.

పాత బ్యాకప్పులు మరింత పాతవైనపుడు దేశకాలముల భేదము గూడ తగులును. రెడ్ హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఆరవ కూర్పు వరకు మనుష్యుల సంఖ్యలు 500తో మొదలయ్యెడివి; ఏడవ కూర్పు నుండి 1000తో మొదలగుచున్నవి, డెబియన్‌లోను అంతే. కాబట్టి పాత సంచిలోని 500, 501, 502 అను మనుష్యులు నేటి యంత్రములో సేవలకై ప్రత్యేకించిన వాడలోనికి వచ్చి పడుదురు. వెబ్ సర్వరునకు రెడ్ హాట్‌లో అపాచీ అను పేరు, 48 అను అంకె. డెబియన్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అను పేరు, 33 అను అంకె. ఇక్కడ పేరును అంకెయు రెండును కలియవు. మనుష్యుడే కూర్చుండి ఇది దానికి సమానమని నిర్ణయింపవలెను. యజమాని లేని ఫైళ్లను వెదకుటకు ఫైండ్‌లో నోయూజర్, నోగ్రూప్ అను పరీక్షలు కలవు. దింపిన వెంటనే వానిని నడుపుట అలవాటు చేసికొనవలెను.

తొందరలో ఉన్నవాడు చేయునది యొకటి కలదు: అన్నిటికిని పైనున్న డైరెక్టరీ దగ్గర నిలిచి, చోన్ మైనస్ క్యాపిటల్ ఆర్ అని, సమస్తమును ఒకరి పేరున వ్రాయించుట. ఇది చేయరాదు. రూట్ అధికారమును అప్పటికి ఎరవిచ్చు సుడో అను సాధనము రూట్ సొత్తు కానిచో పని చేయుటకు నిరాకరించును. అంతట దిద్దుకొను దారియే మూసికొనిపోవును. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు తన డేటా డైరెక్టరీ తనది కానిచో లేవదు. ఎస్ఎస్‌హెచ్ తాళపుచెవుల ఫైలు అన్యుల పేరున నున్నచో ఆ తాళపుచెవిని అంగీకరింపదు. ఇవి యంత్రపు మొండితనములు కావు. తనది కాని దానిని తనదిగా వాడుకొననను మర్యాద. మరియొక సూక్ష్మము: లినక్స్‌లో నడుపదగిన ఫైలు యజమానిని మార్చినపుడు దానికున్న, యజమాని అధికారముతో దానిని నడిపించు సెట్‌యూఐడీ గుర్తు చెరిగిపోవును. కావున ముందు యాజమాన్యము, పిదప అనుమతులు. ఈ క్రమము తప్పరాదు.

పెన్ డ్రైవు విషయము రెండు మాటలలో చెప్పెదను. సాధారణముగా దానిమీదనుండు ఫ్యాట్ అమరికలో యాజమాన్యము వ్రాయుటకు చోటే లేదు. విడి ఫైళ్లుగా దానిమీద వేసినచో పేరును అంకెయు రెండును నశించును. ముందు టార్ సంచిలో కట్టి, ఆ సంచిని వేయవలెను. ఫ్యాట్ 32 అయినచో ఒక్కొక్క ఫైలు 4 జీబీలకు మించరాదు గనుక అవసరమైనచో సంచిని ముక్కలు చేయవలెను.

ఫైలు ఎవరిదైన నేమి, దొరికినది చాలదా అనువారు కలరు. ఈ మాట జనగామ నేలమీద అనదగినది కాదు. అప్పటి నల్లగొండ జిల్లాలోని ఈ తాలూకాలో, పాలకుర్తిలో, చాకలి ఐలమ్మ కౌలుకు పట్టి పండించిన పంటను విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకొనిపోవవచ్చినప్పుడు జరిగిన పోరాటము ఈ ప్రశ్న మీదనే: ఇది ఎవరిది? 1954–55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని మన రైతులు వెదకి తెచ్చుకొనుటలోని ఆరాటము గూడ అదియే. సర్వే నంబరు భూమిమీద చెక్కుచెదరక యుండును. పహాణీలో దాని కెదురుగా ఏ పేరున్నదో ఆ పేరు మీద కుటుంబము బ్రతుకును. జీతపు పట్టిక, రోగి చీటీ, విద్యార్థి మార్కులు, ఒక స్త్రీ వ్రాసికొన్న ఉత్తరములు డిస్కుమీది చిన్న కమతములు. వానిని సరియైన పేరున నిలుపువాడు పట్వారీ పని చేయుచున్నాడు. ఆ పనిలో అశ్రద్ధ ఎంత కీడు చేయునో మన పెద్దలకు తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

అందుచేత పని ఎట్లు చేయవలెనో నా మట్టుకు నేను స్థిరపరచుకొన్నది చెప్పెదను. పాత సంచిని ఎన్నడును నడుచుచున్న ఫైళ్లమీద నేరుగా దింపను. వేరొక ఖాళీ డైరెక్టరీని, రూట్ తప్ప ఎవరును లోనికి రాజాలనట్లు మూసి, అందు దింపుదును. దింపక మునుపు టార్ టీవీఎఫ్ అని జాబితా చదువుదును. ఒకమారు పేర్లతో, మరియొకమారు అంకెలతో. రెండు జాబితాలను ప్రక్కప్రక్కన పెట్టి, తెలియని ప్రతి పేరును ఆ కార్యాలయములో పాతవారెవరైన ఉన్నచో అడుగుదును. ఏ యంత్రమును చెప్పలేని సమాధానము తరచుగా పదవీవిరమణకు దగ్గరపడిన ఒక అటెండరు చెప్పును. ఎవరిదని తేలినది వారికిత్తును; తేలనిదానిని ఎవరికిని ఈయను, మూసియే ఉంచుదును.

మహబూబాబాదు జిల్లా బయ్యారములో గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువున్నది. ఆ చెరువు శాసనములో త్రవ్వించినవారి పేరు మాత్రమే చెక్కి విడువలేదు. కాకతీయుల వంశక్రమమును గూడ చెక్కించిరి. అందుచేతనే రాజ్యము పోయి శతాబ్దములు గడచినను, ఆ వంశపు పూర్వుల పేర్లను చరిత్రకారులు ఆ రాతినుండి చదువగలిగిరి. వస్తువుతో పాటు పేర్ల పట్టికయు నిలిచినది.

కావున శ్రోతలలో సర్వరు బాధ్యత వహించు సోదరసోదరీమణులకు నా విన్నపము ఒక్కటే. ఈ రాత్రి తీయబోవు బ్యాకప్పులో పాస్‌వర్డ్ పట్టికను, గ్రూప్ పట్టికను తప్పక చేర్చుడు. వానిని ఒక కాగితముమీద అచ్చువేసి, ప్రతి లాగిన్ కెదురుగా ఆ మనిషి పూర్తి పేరును, హోదాను మీ చేతివ్రాతతో వ్రాసి, తేదీ వేసి, ఆ డిస్కు ఉండు బీరువాలోనే పెట్టుడు. పదేండ్ల తరువాత ఆ బీరువా తెరచువారు మీరు కాకపోవచ్చును.